కొత్త బాస్ మీద పాత గీతలు ఎందుకు?

"కొత్త బాస్ గిటార్‌ని కావాలని గీకి, రంగు ఊడగొట్టి, పైగా ఎక్కువ ధరకి అమ్ముతుంటే కొనేవాళ్లది పిచ్చి కాదా?" అని అడిగారు. బెజవాడలో 14 ఏళ్లుగా చర్చిలోనూ, పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ బాస్ వాయిస్తున్నాను. ఆ పిచ్చి నాకూ పట్టింది, అందుకే చెప్తున్నా.

బాస్ వాయించడంలో పేరుమోసిన అమెరికన్లు జేమ్స్ జామర్సన్, జాకో పాస్టోరియస్ ఇద్దరూ వాయించింది ఫెండర్ కంపెనీ వాళ్ల 1962 నాటి బాస్‌లే. ఆ రోజుల్లో వాటికి పూసిన నైట్రోసెల్యులోజ్ లాకర్ (ఒక రకం వార్నిష్) పల్చగా ఉండేది. చలికి సన్నగా నెర్రెలిస్తుంది, మోచెయ్యి ఆనే అంచున చెక్క బయటపడేదాకా అరిగిపోతుంది. 1968 ప్రాంతం నుంచి ఫెండర్ పాలియెస్టర్ పూతకి మారింది. అది మందం, గట్టిది, ఓ పట్టాన అరగదు. దాంతో అరిగిన బాస్ అంటే పాతకాలపు మంచి సరుకన్న పేరు పడింది. 1995 నుంచి ఆ కంపెనీయే కొత్తవాటిని అరగదీసి 'రెలిక్' పేరుతో అమ్ముతోంది. మన పెళ్లిళ్లలో యాంటిక్ ఫినిష్ హారం లాంటిదే ఇదీ. మొన్న చేయించిందే అయినా అమ్మమ్మ పెట్టెలోంచి తీసినట్టు కనిపించాలి! దాన్ని మాత్రం ఎవరూ పిచ్చి అనరు.

నా సంగతి పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది. నా చవక బాస్‌ని మేడ మీదికి తీసుకెళ్లి గరుకు కాగితంతో గంటసేపు రుద్దాను. లోపల చెక్క కనిపిస్తుందనుకుంటే తెల్లటి అడుగుపూత బయటపడింది. వానాకాలంలో సున్నం పెచ్చులూడిన గోడలా తయారైంది. పైగా రుద్దింది ఎక్కడ? గిటార్ ఒంటికి కొమ్ములా పొడుచుకొచ్చే రెండు భాగాల్లో చెయ్యే తగలని కింది కొమ్ము మీద. నిజంగా వాయిస్తే అరిగేది మోచెయ్యి ఆనే అంచు, బొటనవేలు పెట్టే చోటు, వెనకాల బెల్టు బకిల్ గీసుకునే చోటు. అసలైన అరుగుదలేదో, కావాలని చేసిందేదో వాయించేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఒక్కటి మాత్రం డబ్బు పెట్టదగ్గదే, గిటార్ మెడ (తీగలు నొక్కే పొడుగాటి భాగం) వెనకభాగం. మే నెలలో రాత్రి రిసెప్షన్‌లో వాయిస్తుంటే చెమటకి మెరుపు పూత ఉన్న మెడ అరచేతికి అతుక్కుపోతుంది, చెయ్యి జారదు. అరిగిన మెడ అలా కాదు, పాత కవ్వం పిడిలా నున్నగా ఉంటుంది. ఇది ఇంట్లోనే చేసుకోవచ్చు. సన్నరకం స్టీల్ ఊల్‌తో (ఇనుప పీచుతో) మెడ వెనక మెరుపు పోయేదాకా మెల్లగా రుద్దండి, చెక్క దాకా వెళ్లకండి. ముందే పికప్‌ల మీద (తీగల కింద ఉండి శబ్దాన్ని పట్టే భాగాల మీద) టేప్ అంటించండి. లేకపోతే ఇనుప రజనంతా లోపలి అయస్కాంతాలకి పట్టేస్తుంది, దులిపినా ఓ పట్టాన వదలదు.

అందుకని నేనైతే గిటార్ ఒంటి మీద గీతలకి పైసా ఇవ్వను, మెడకి ఇస్తాను. మీకు ఆ రూపమే నచ్చితే మాత్రం మొహమాటపడకుండా కొనుక్కోండి, వాయించేది మీరేగా.

నా తెల్లమచ్చ ఇంకా అలాగే ఉంది, పైన స్టిక్కర్ వేసి కప్పాను. ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టర్ గారు ఇప్పటికీ అడుగుతుంటారు, "గిటార్‌కి ఆ పట్టీ ఏంటి బాబూ?" అని.