బస్సులో ఏడిపిస్తున్నారు, పోలీసు కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. బాబుకు పదేళ్లు. సోమవారం వస్తే చాలు, కడుపునొప్పి అంటాడు. టిఫిన్ బాక్సు ముట్టకుండా తెస్తాడు. ఇంట్లో అడుగుపెట్టగానే బాత్రూముకు పరుగెడతాడు. స్కూలు బస్సులో ఏడో తరగతి పిల్లలు ఏడిపిస్తున్నారని పక్కింటి పాప చెప్పింది. స్కూలువాళ్లేమో ‘పిల్లలన్నాక మామూలే’ అంటున్నారు. కేసు పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, ఆ బాత్రూము పరుగును తేలిగ్గా తీసుకోకండి. స్కూల్లో టాయిలెట్‌కు వెళ్లడానికి భయపడి రోజంతా బిగపట్టుకునే పిల్లలు అలాగే చేస్తారు. ‘వాడు కొట్టాడా?’ అని అడిగితే మీరే జవాబు అందించినట్టవుతుంది. ‘బస్సులో ఎక్కడ కూర్చున్నావు, పక్కన ఎవరు?’ అని అడగండి. చెప్పింది వాడి మాటల్లోనే, తేదీ వేసి రాసుకోండి.

ఇక కేసు సంగతి. ఏడు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు తాము చేసేదేమిటో తెలిసేంత పరిణతి లేకపోతే అది నేరం కిందికే రాదు. పన్నెండు దాటినా, కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప ఎఫ్‌ఐఆర్ ఉండదు. స్టేషన్‌లోని రోజువారీ పుస్తకం, అంటే జనరల్ డైరీలో రాసి, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు. కాబట్టి మీరు పట్టుకోవాల్సింది స్కూలును.

ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రెండో కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి. బస్సు నంబరు రాసి, సీసీటీవీ ఫుటేజీ భద్రపరచమని అడగండి. కొత్త రికార్డింగు పడేకొద్దీ పాతది చెరిగిపోతుంది, ఆలస్యం వద్దు. సీటు మార్చాల్సింది ఆ పిల్లలకు, మీవాడికి కాదు. నోటిమాటగా చెబితే రేపు ‘మాకు తెలీదు’ అంటారు. రాసిచ్చాక కూడా కావాలనే పట్టించుకోలేదని తేలితే, జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 కింద బాధ్యులైన సిబ్బందికి ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడొచ్చు. స్కూలు కదలకపోతే కర్ణాటక బాలల హక్కుల కమిషన్‌కు వెళ్లండి.

లైంగికంగా తాకారని ఏ కాస్త అనుమానమొచ్చినా ఈ వరస ఏదీ వద్దు. నేరుగా పోలీసులకు చెప్పండి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం, విషయం తెలిస్తే స్కూలు కూడా పోలీసులకు చెప్పి తీరాలి.

పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఆ పిల్లల పేర్లు పెట్టకండి, పరువునష్టమంటూ మీ మీదికే తిరుగుతారు. బాబును నిమ్హాన్స్ పిల్లల మానసిక వైద్య విభాగంలో చూపించండి. ఆ ఓపీ కాగితాలు రేపు సాక్ష్యంగా పనికొస్తాయి.

టీసీ ఇచ్చేస్తామని బెదిరిస్తే జంకకండి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లవాణ్ని తీసేయడానికి లేదు. మైనారిటీ సంస్థల స్కూళ్లకు మాత్రం ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మీది అలాంటిదేమో ముందే కనుక్కోండి.