బేబ్ రూత్ గొప్పా, ఒటానీ గొప్పా అని లంచ్ టేబుల్ దగ్గర అడిగితే

ప్రశ్న: అక్కా, నేను సెయింట్ లూయిస్ వచ్చి ఐదు నెలలైంది. ఆఫీసులో లంచ్ టైమ్‌లో ఎప్పుడూ బేస్‌బాల్ గోలే. మొన్న వందేళ్ల కిందటి బేబ్ రూత్ గొప్పా, ఇప్పటి ఒటానీ గొప్పా అని గంటసేపు వాదించుకున్నారు. నన్నూ అడిగారు. "మా క్రికెట్‌లో బ్రాడ్‌మన్ సగటు 99.94, మీవాళ్లది పాయింట్ మూడేగా" అనేశాను. అందరూ సైలెంట్ అయిపోయారు. ఏం తప్పన్నానో అర్థం కాలేదు. అసలు వందేళ్ల కిందటివాళ్లని ఇప్పటివాళ్లతో ఎలా పోలుస్తారు? ఆ మాటల్లో నేనూ కలవాలంటే ఏం తెలుసుకోవాలి?

తమ్ముడూ, ముందు ఆ సగటు సంగతి చెప్తాను, వాళ్లు సైలెంట్ అయింది అక్కడే కాబట్టి. క్రికెట్‌లో సగటు అంటే ఒకసారి అవుటయ్యేలోపు తీసే పరుగులు. ఇక్కడ పరుగుల లెక్క కాదు. పదిసార్లు బ్యాట్ పట్టుకుని నిలబడితే ఎన్నిసార్లు హిట్ కొట్టాడన్నది, అంటే బంతిని కొట్టి అవుటవ్వకుండా బేస్ చేరాడన్నది లెక్క. పదికి మూడుసార్లు కొట్టినవాడు స్టార్. దాన్ని పాయింట్ త్రీ అనరు, త్రీ హండ్రెడ్ అంటారు. 1941లో టెడ్ విలియమ్స్ .406 కొట్టాడు. ఆ తర్వాత ఇక్కడి రెండు పెద్ద లీగులైన అమెరికన్ లీగ్‌లో గానీ నేషనల్ లీగ్‌లో గానీ ఒక సీజన్ మొత్తం మీద నాలుగు వందలు అందుకున్నవాళ్లు లేరు. నువ్వు పక్కన పెట్టిన రెండు అంకెలూ వేరువేరు లెక్కలవి.

కొత్తగా వచ్చినప్పుడు మనందరం చేసే పనే ఇది. కాఫీ ఐదు డాలర్లంటే వెంటనే రూపాయల్లోకి మార్చేసి గుండె పట్టుకుంటాం. కాలాల మధ్య ఆటగాళ్లని పోల్చేటప్పుడూ అదే జరుగుతుంది. మా తాతగారు బందరులో స్కూల్ టీచరు. వంద రూపాయలు కూడా లేని జీతంతో ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశారు. ఆ వందని మీ ఇప్పటి జీతం పక్కన పెడితే ఏం తెలుస్తుంది? ఆ రోజుల్లో బియ్యం బస్తా ఎంత, పక్కింటాయన సంపాదన ఎంత అని అడిగితే కదా తాతగారి స్థితి తెలిసేది. ఆటగాడి గురించీ అడగాల్సింది అదే. తన కాలంలో, తనతో ఆడినవాళ్లకంటే ఎంత పైన ఉన్నాడు?

మన ఊరి ఉదాహరణే చెప్తాను. మా పక్కింటి పెద్దాయన దగ్గర ఒక పాత స్కోర్‌కార్డ్ ఉంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచుకున్నారు. 1968 అక్టోబర్ 2, ఆ రెండు లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌లో మొదటి మ్యాచ్, మన ఊరి జట్టు కార్డినల్స్‌కీ డెట్రాయిట్‌కీ. అప్పుడాయనకి పన్నెండేళ్లు, వాళ్ల నాన్నతో వెళ్లారట. కాగితం పసుపు రంగుకి తిరిగింది. గళ్లనిండా పెన్సిల్‌తో K లు. K అంటే స్ట్రైకౌట్, కొట్టాల్సిన మూడు బంతులు తప్పిపోయి బ్యాటర్ అవుటవడం. బ్యాటర్ బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే K ని తిరగేసి రాస్తారు. ఆ రోజు కార్డినల్స్ పిచర్ (బంతి వేసేవాడు) బాబ్ గిబ్సన్ 17 స్ట్రైకౌట్లు చేశాడు. అప్పటికి వరల్డ్ సిరీస్ రికార్డు 15. చివరి ఇన్నింగ్స్‌లో మూడు అవుట్లూ స్ట్రైకౌట్లే, ఆఖరిది తిరగేసిన K. దాన్ని ఆ పిల్లాడు కాగితం చిరిగేంత గట్టిగా ఒత్తి రాశాడు. వెనక్కి తిప్పి చూస్తే ఇప్పటికీ వేలికి తగులుతుంది. మా అబ్బాయి లిటిల్ లీగ్‌లో ఆడేటప్పుడు స్కోర్ రాయడం నాకు నేర్పింది ఈయనే.

ఆ ఏడాది గిబ్సన్ ఈఆర్‌ఏ 1.12. అంటే ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చిన పరుగులు తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి, సగటున ఒకటి చిల్లర పరుగులే ఇచ్చాడు. అయితే 1968 మొత్తం పిచర్ల రాజ్యమే. అమెరికన్ లీగ్‌లో అందరికంటే మంచి బ్యాటింగ్ సగటు కార్ల్ యస్ట్రెమ్‌స్కీది, అది .301 మాత్రమే. ఆట మరీ ఒకవైపు ఒరిగిపోయిందని 1969లో పిచర్ నిలబడే దిబ్బని 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకి తగ్గించారు, బ్యాటర్ కొట్టాల్సిన బంతిగా లెక్కించే హద్దు, అంటే స్ట్రైక్ జోన్‌నీ కుదించారు. గిబ్సన్ వల్లే రూలు మారిందని ఈ ఊళ్లో గర్వంగా చెప్తారు. అతనొక్కడి వల్లే కాదు, కానీ ఆ గర్వాన్ని నేను కాదనను.

ఇప్పుడు 2000 సంవత్సరానికి రా. బోస్టన్‌కి ఆడిన పిచర్ పెడ్రో మార్టినెజ్ ఈఆర్‌ఏ 1.74. అంకె చూస్తే గిబ్సన్ గొప్ప అనిపిస్తుంది. కానీ 1968లో నేషనల్ లీగ్ సగటే 2.99. 2000లో అమెరికన్ లీగ్ సగటు 4.91. అప్పుడు హోమ్ రన్లు, అంటే మన సిక్సర్లలాంటివి, వానలా కురుస్తున్నాయి. ఆ వానలో తడవకుండా నిలబడ్డాడు పెడ్రో. ఇలా లీగ్ సగటునీ, మైదానం తేడానీ లెక్కలోకి తీసుకుని సగటు పిచర్ని 100గా పెట్టి కొలిచే పద్ధతి ఉంది, ఈఆర్‌ఏ ప్లస్ అంటారు. అందులో 1968లో గిబ్సన్‌కి 258, 2000లో పెడ్రోకి 291. మా అబ్బాయి ఈ అంకె పట్టుకుని పెడ్రోనే అంటాడు. పెద్దాయన ఒప్పుకోరు. గిబ్సన్ ఆ సీజన్‌లో 300 పైన ఇన్నింగ్స్ వేశాడు, పెడ్రో 217 వేశాడు, అలసిపోయిన చేత్తో వేసినవాటికి విలువ లేదా అంటారు. ఇద్దరిదీ న్యాయమైన మాటే. ఇన్నేళ్లు విన్నాక నేను పెద్దాయన వైపే మొగ్గుతాను.

బ్రాడ్‌మన్‌నీ ఇలాగే కొలిచి చెప్పి ఉంటే నీ మాట నిలబడేది. తన కాలపు మహామహులు సగటు అరవై దగ్గర ఆగిపోతే తను వంద దగ్గర నిలిచాడు. దానికి బేస్‌బాల్‌లో దగ్గరగా వచ్చేది బేబ్ రూత్. 1920లో రూత్ 54 హోమ్ రన్లు కొట్టాడు. ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో మిగతా ఏ జట్టూ మొత్తం కలిపినా అన్ని కొట్టలేదు. ఒక్క మనిషి ఒక జట్టుని మించిపోయాడు! ఇప్పుడు అలా జరగడం ఊహకైనా అందదు. రూత్ అంతటివాడు పుట్టక కాదు, అందరి స్థాయీ పెరిగింది. ఊరికి ఒక్కడు పదో తరగతి పాసైతే మేళతాళాలతో ఊరేగించిన రోజుల్లో ఆ ఒక్కడూ కొండంత కనిపించేవాడు. ఇంటికో ఇంజనీరున్న రోజుల్లో అంత ఎత్తున కనిపించడం కష్టం.

రూత్ గురించి మాట్లాడేటప్పుడు ఒక్క విషయం మాత్రం మర్చిపోకు. ఆయన లీగ్‌లో నల్లజాతివాళ్లకి చోటు లేదు. జాకీ రాబిన్‌సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగింది 1947 ఏప్రిల్ 15న. అంతకు మూడు నెలల ముందు, జనవరిలో, జాష్ గిబ్సన్ చనిపోయాడు. వయసు 35. మన బాబ్ గిబ్సన్ వేరు, ఈయన వేరు. నల్లజాతివాళ్లు విడిగా ఆడుకున్న నీగ్రో లీగుల్లో ఆయన కొట్టిన దెబ్బలు చూసినవాళ్లు ఆయన్ని నల్ల బేబ్ రూత్ అనేవాళ్లు. 2024లో మేజర్ లీగ్ ఆ లీగుల లెక్కల్ని తన రికార్డుల్లో కలిపేసరికి, జీవితకాల సగటులో టై కాబ్‌ని దాటి .372తో ఆయన పేరు పైకి వచ్చింది. సీజన్లు చిన్నవి కదా, పోల్చకూడదు అనేవాళ్లున్నారు. చిన్న సీజన్లు ఆడాలని ఆయన కోరుకున్నాడా అని నేనడుగుతాను.

మనకీ ఇలాంటి మనిషి ఉన్నాడు. తెలుగు కుటుంబంలో నాగపూర్‌లో పుట్టిన సి.కె. నాయుడు. ఇండియాకి తొలి టెస్టు దొరికేసరికి, 1932లో, ఆయనకి 36 ఏళ్లు. ఆడింది ఏడు టెస్టులు, సగటు 25. ఆ అంకె చూసి ఆయన్ని పక్కన పెట్టేవాళ్లకి, 1926లో బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద 11 సిక్సర్లతో 153 కొట్టిన మనిషి కనబడడు. ఈ కథ ఆఫీసులో చెప్పు. బ్రాడ్‌మన్ కంటే ఇది వాళ్లకి తొందరగా అర్థమవుతుంది.

వీలు చూసుకుని ఒక శనివారం ఐ-70 హైవే పట్టుకుని కాన్సాస్ సిటీ వెళ్లిరా. నాలుగు గంటల ప్రయాణం. అక్కడ నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం ఉంది. లోపల చిన్న మైదానంలో కంచు విగ్రహాలు ఎవరి స్థానాల్లో వాళ్లు నిలబడి ఉంటాయి. మొదట వాటిని జాలీ వెనక నుంచే చూస్తావు. చరిత్ర అంతా చూస్తూ తిరిగి చివరికి వచ్చాక ఆ మైదానంలో అడుగుపెట్టొచ్చు. జాష్ గిబ్సన్ వికెట్ కీపర్‌లా గొంతుక్కూర్చుని ఉంటాడు. ఆయన పక్కన నిలబడ్డాక రూత్ గొప్పా, జాష్ గిబ్సన్ గొప్పా అనే వాదన వినే తీరే మారిపోతుంది. నాకలాగే మారింది.

అదే ఐ-70లో మన ఊరి ముక్కకి ఒకప్పుడు మార్క్ మెగ్వాయర్ పేరుండేది. 1998లో 70 హోమ్ రన్లు కొట్టాడని పెట్టారు. స్టెరాయిడ్లు వాడానని 2010లో ఒప్పుకున్నాడు, అదే ఏడాది ఆ పేరు తీసేసి రచయిత మార్క్ ట్వేన్ పేరు పెట్టారు. ఈ సంగతి నీ అంతట నువ్వు ఎత్తకు. ఇక్కడివాళ్లకి ఇంకా నొప్పి తగ్గలేదు.

ఇక ఒటానీ. 2024లో 54 హోమ్ రన్లు, 59 స్టోలెన్ బేస్‌లు (బంతి కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడం). ఒకే సీజన్‌లో రెండూ యాభై దాటినవాళ్లు అంతకుముందు లేరు. 2023లో బేస్‌ల సైజు 15 అంగుళాల నుంచి 18కి పెంచారని, రన్నర్‌ని ఆపడానికి పిచర్ చేసే ప్రయత్నాలకీ పరిమితి పెట్టారని, అందుకే స్టోలెన్ బేస్‌లు అందరికీ పెరిగాయని ఎవరో ఒకరు అంటారు. నిజమే. కానీ అదే పెద్ద బేస్‌లు మిగతావాళ్లకీ ఉన్నాయిగా. పైగా ఇతను పిచర్ కూడా. రూత్ కుర్రతనంలో రెండూ చేసి, తర్వాత పిచింగ్ దాదాపు వదిలేశాడు. నన్నడిగితే, తన కాలంవాళ్లకంటే ఎత్తున నిలిచినవాడు రూత్, ఎక్కువ కష్టమైన కాలంలో నిలిచినవాడు ఒటానీ. ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లతో పోటీపడి చేస్తున్నాడు కాబట్టి నా ఓటు ఒటానీకే.

రేపు లంచ్ టైమ్‌లో ఇవన్నీ ఏకరువు పెట్టొద్దు. వాళ్లలో వయసులో పెద్దవాళ్లని, మీరు కళ్లారా చూసినవాళ్లలో ఎవరు గొప్ప అని అడుగు. ఆ తర్వాత వాళ్లే చెప్తారు. మన కార్డినల్స్ బ్యాటర్ స్టాన్ మ్యూజియల్ పేరు తప్పకుండా వస్తుంది. ఆయన కొట్టిన 3,630 హిట్లలో సొంత మైదానంలో 1,815, బయటి మైదానాల్లో 1,815. ఎక్కడికెళ్లినా ఒకేలా ఆడిన మనిషి. ఆ రెండు అంకెలూ సమానమని నీకు తెలుసని తెలిస్తే నిన్ను ఈ ఊరివాడి కిందే లెక్కేస్తారు.

సీజన్ మొదలయ్యాక ఒక ఆదివారం మాతో కార్డినల్స్ మైదానం బుష్ స్టేడియంకి రా. పెద్దాయన కూడా వస్తారు. అక్కడ ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు, నేను పులిహోర చేసి తెస్తాను. మ్యూజియల్ విగ్రహం దగ్గర కలుసుకుందాం. నువ్వొక పెన్సిల్ తెచ్చుకో, స్కోర్‌కార్డ్ అక్కడ కొందాం.