'మనోభావాలు దెబ్బతిని ఉంటే' అనే డ్రాఫ్ట్ రాసింది నేనే

ట్రాన్స్‌జెండర్ హక్కుల మీద గొడవ వచ్చినప్పుడల్లా సినిమావాళ్లు ఇచ్చే స్టేట్‌మెంట్ల వల్ల ఉపయోగం ఏమైనా ఉందా, మన హీరోలు అసలు ఎందుకు నోరు విప్పరు అని అడిగారు. ఫిల్మ్‌నగర్‌లో ఒక చిన్న పీఆర్ ఆఫీసులో మూడేళ్లు ఇలాంటి స్టేట్‌మెంట్లు రాసే పొట్టపోసుకున్నాను కాబట్టి తెలిసింది చెప్తాను. ఉపయోగం ఉంటుంది, కాకపోతే ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్ల పేరు అందులో ఉంటేనే. మేం రాసినవాటిలో తొంభై శాతం అలాంటివి కావు.

ఒకటి చెప్తాను. మేం చూసుకునే ఒక కమెడియన్ (పేరు అడక్కండి, చెప్పను) ఒక ప్రీ రిలీజ్ ఈవెంట్‌లో గులాబీ రంగు చొక్కా వేసుకొచ్చిన తోటి నటుణ్ణి చూపించి 'పాయింట్ ఫైవ్' (ట్రాన్స్‌జెండర్లను వెక్కిరించే మాట) అన్నాడు, అని ఊరుకోకుండా అరచేతులు అడ్డంగా పెట్టి రెండు చప్పట్లు కొట్టాడు. హాలంతా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను, దాచుకోవడం దేనికి. రాత్రి పదకొండయ్యేసరికి ఆ క్లిప్ మీమ్ పేజీలకెక్కింది, ట్రాన్స్‌జెండర్ సంఘాల వాళ్లు క్షమాపణ చెప్పాలన్నారు, పొద్దున్నే ప్రొడక్షన్ వాళ్ల ఫోన్లు మొదలు. అప్పుడు మా డిజిటల్ టీమ్ అంటే నేనూ ఒక ఇంటర్న్ కుర్రాడూ, అంతే.

ఇలాంటివాటికి మా దగ్గర ఒక ఫైలు రెడీగా ఉండేది. "నా మాటల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించగలరు. ఎవరినీ కించపరిచే ఉద్దేశం నాకు లేదు. అన్ని వర్గాల వారంటే నాకు గౌరవం." కులం గొడవైనా, దేవుడి గొడవైనా, పక్క హీరో ఫ్యాన్స్‌తో గొడవైనా ఇదే, తేదీ ఒక్కటి మార్చేవాళ్లం.

కృష్ణానగర్ దగ్గర షూటింగ్. ఫోన్లో డ్రాఫ్ట్ పెట్టుకుని కారవాన్ ఎక్కాను. మా కమెడియన్‌కి మేకప్ వేసే అక్క ట్రాన్స్ మహిళ. నాలుగేళ్లుగా ఆయన దగ్గరే పని. ఆయన ఆమెని 'అక్కా' అనే పిలుస్తాడు, ఆమె టిఫిన్ బాక్సులో పప్పుచారు సగం ఈయనే తాగేస్తాడు. ఇలాంటి మనిషే స్టేజీ ఎక్కి ఆ చప్పట్లు కొట్టాడు, అదే నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం. సరే, అక్క నా ఫోన్ తీసుకుని చదివింది. వేళ్లకి ఫౌండేషన్ ఉంది, 'మనోభావాలు' అన్న చోట స్క్రీన్ మీద గోధుమరంగు మరక పడింది.

"ఇందుల మేమెక్కడున్నం తమ్మీ?" అంది.

నేను నీళ్లు నమిలాను. "దెబ్బతిని ఉంటే ఏంది? తిన్నయి. నేనే చెప్తున్న గదా" అంది. కోపంగా కూడా అనలేదు, కాటుక పెన్సిల్ చెక్కుకుంటూ అంది.

అక్కడే కూర్చుని రెండు లైన్లు కలిపాను: 'ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల మీద నేను వేసిన జోకు తప్పు. ఆ మాట, ఆ చప్పట్లు మళ్లీ వాడను.' ప్రొడ్యూసర్ ఆఫీసుకి పంపితే రెండు నిమిషాల్లో ఫోన్. "శుక్రవారం రిలీజ్ పెట్టుకుని ఆ పదం ఎందుకు బాబూ, కామన్‌గా పెట్టెయ్." కమెడియన్ అద్దంలోంచి నా వైపు చూసి "వాళ్లు చెప్పినట్టే పెట్టెయ్ రా" అన్నాడు. అక్క ఆయన కనుబొమ్మ దిద్దుతోంది. చెయ్యి ఆగలేదు.

బయట దేశాల్లో ఏం చేశారని కూడా అడిగారు. 2020 జూన్‌లో హ్యారీ పోటర్ రచయిత్రి జె.కె. రౌలింగ్, 'నెలసరి వచ్చే వ్యక్తులు' అని ('మహిళలు' అనకుండా, ట్రాన్స్ వాళ్లనీ కలుపుకునే మాట అది) శీర్షిక పెట్టిన ఒక వ్యాసాన్ని ఎద్దేవా చేస్తూ ట్వీట్ చేసింది, పెద్ద దుమారమైంది. రెండు రోజులకే, చిన్నప్పటి నుంచి ఆమె సృష్టించిన హ్యారీ పాత్రలోనే పెరిగిన నటుడు డేనియల్ రాడ్‌క్లిఫ్ ఒక ప్రకటన ఇచ్చాడు. అది తన సొంత పేజీలో కాదు, ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్న ఎల్‌జీబీటీ పిల్లలకు హెల్ప్‌లైన్ నడిపే ట్రెవర్ ప్రాజెక్ట్ వెబ్‌సైట్‌లో, దానితో అతనికి అప్పటికే పదేళ్ల అనుబంధం. ట్రాన్స్ మహిళలు మహిళలే అని సూటిగా అన్నాడు. తన జీవితం ఈ దారిలో నడిచిందంటే ఆమే కారణమని కూడా ఒప్పుకున్నాడు, దీన్ని మా ఇద్దరి తగాదాగా చూడొద్దన్నాడు. 'దెబ్బతిని ఉంటే' లాంటి మాట ఒక్కటీ లేదు. మా ఆఫీసులో ఆ లెటర్ పట్టుకెళ్లి చూపిస్తే మా బాస్ "ఆయనకేం, డబ్బులు బోలెడు" అన్నాడు. అదీ నిజమేననుకోండి. అటు రౌలింగ్ కూడా అదే వారంలో తన వాదనంతా ఒక పొడుగాటి వ్యాసంగా రాసి పెట్టింది. నేను ఆమె వైపు కాదు, కానీ తను నమ్మింది తన పేరు మీద విడమరిచి రాసింది, మనం ఒప్పుకోవాలన్నా కాదనాలన్నా ఎదురుగా ఒక మాటంటూ ఉంది. మా ఫైల్లో అదీ లేదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 2016లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ప్రభుత్వ భవనాల్లో బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్న జెండర్ ప్రకారమే బాత్రూమ్ వాడాలని చట్టం తెస్తే, రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అక్కడి గ్రీన్స్‌బరోలో తన కచేరీని రెండు రోజుల ముందు రద్దు చేసుకున్నాడు. టిక్కెట్లు కొన్నవాళ్లు తిట్టుకునే ఉంటారు, డబ్బులు వెనక్కి ఇచ్చారులెండి. మన దగ్గర పీఆర్ వాళ్లెవరైనా హీరోకి ఇలాంటి సలహా ఇస్తే సాయంత్రానికి ఉద్యోగం ఉండదు.

మనవాళ్లు ఎందుకు మాట్లాడరంటే భయం ఒకటే కాదు, అలవాటు కూడా. ఆ చప్పట్ల మీద, ఆ నడక మీద మన సినిమాల్లో ఎన్ని కామెడీ ట్రాక్‌లు నడిచాయో లెక్క లేదు, ఇప్పుడు తప్పంటే పాత సినిమాలన్నీ ముందుకొస్తాయి. కానీ ఈ ఊళ్లో అది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వాట్సాప్‌లో పుకార్లు తిరిగితే చాంద్రాయణగుట్టలో జనం మూగి ఒక ట్రాన్స్ మహిళని కొట్టి చంపారు.

హక్కుల సంగతికొస్తే హీరోల వల్ల ఇక్కడ ఒరిగిందేమీ లేదు. నిజాం కాలంలో, 1919లో, హైదరాబాద్‌లో నపుంసకుల చట్టమని ఒకటి తెచ్చారు. దాని ప్రకారం వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి, ఆడవాళ్ల బట్టలు కట్టుకుని వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారంట్ లేకుండా అరెస్ట్ చేయొచ్చు. 2014లోనే సుప్రీంకోర్టు నాల్సా అనే కేసు తీర్పులో ట్రాన్స్‌జెండర్లను గుర్తించినా ఇది పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగిలి లాంటి కార్యకర్తలు హైకోర్టుకి వెళ్లి కొట్లాడితే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజు నా టైమ్‌లైన్‌లో ఏ హీరో పోస్టూ నాకు కనబడలేదు.

స్టేట్‌మెంట్ల కన్నా పని చేసింది ఒకటి మా ఇంట్లోనే చూశాను. బిగ్ బాస్ తెలుగులో 2019లో తమన్నా సింహాద్రి, 2021లో ప్రియాంక సింగ్ వచ్చారు, ఇద్దరూ ట్రాన్స్ మహిళలే. మా అమ్మ మొదట్లో 'అది' అనేది, చిరాకు పడేది. ప్రియాంక సీజన్ కొన్ని వారాలు నడిచాక ఒక రాత్రి వంటింట్లోంచి "ఆ అమ్మాయి నామినేషన్‌లో ఉందా?" అని కేకేసింది. ఎవరూ చెప్పలేదు, ఏ స్టేట్‌మెంటూ చదవలేదు. రోజూ చూసింది, అంతే.

మా కమెడియన్ సంగతి మిగిలింది. మధ్యాహ్నం పన్నెండింటికి పాత ఫైలే పోస్ట్ చేశాను. సోమవారానికి గొడవ చల్లారింది, బాస్ బిర్యానీ తెప్పించాడు. పోస్ట్ కింద కామెంట్లు చూసుకోవడం నా పని కాబట్టి రాత్రంతా చూశాను. "అన్నా నువ్వు తోపు" అనేవి కొన్ని, మిగతావన్నీ వరసగా చప్పట్ల ఎమోజీలు, వందల కొద్దీ. అవి మెచ్చుకోవడానికి పెట్టారో, ఆ రెండు చప్పట్లే మళ్లీ కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.