అమ్మలూ, ట్వీటర్‌కి ఒక్క రెసిస్టర్ చాలదు

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. హాస్టల్ రూములో స్పీకర్ బాక్సులు కడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నీ మీ పోలికలే బావగారూ" అని నన్నే నాలుగు అంటించింది. పైకి నవ్వాను, లోపల గర్వంగానే ఉంది. కానీ ఆవిడ పంపిన ఫోటో చూశాక రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. సన్నని శబ్దాలని చిన్న స్పీకర్ ట్వీటర్‌కి, బరువు శబ్దాలని పెద్ద స్పీకర్ ఊఫర్‌కి పంచే క్రాస్ఓవర్ బోర్డుని బాక్సు అడుగున దూదిలో కూరేశావేంటి? రెసిస్టర్లు దూదికి ఆనుకుని ఉన్నాయి. ముందు లేచి అది బయటికి తియ్యి. మిగతా ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు.

తీశావా? ఇప్పుడు విను. ట్వీటర్ మోతని రెసిస్టర్లతో 6 డెసిబెల్స్ తగ్గిస్తే, దానివైపు వెళ్లే పవర్‌లో నాలుగో వంతే దానికి చేరుతుంది. మిగిలిన మూడు వంతులూ రెసిస్టర్లలో వేడి కింద పోతాయి. నువ్వు ఒక్కదానివే చిన్నగా పాటలు వింటే ఏమీ కాదు. ఎవరిదో పుట్టినరోజు అని రాత్రంతా వాల్యూమ్ పెంచి పెడతారు చూడు, నా టెన్షన్ అంతా దాని గురించే. 10 వాట్ల తెల్ల సిమెంట్ రెసిస్టర్లే కొను. కాళ్లు కొంచెం పొడుగ్గా వదిలి, బోర్డుకి అర అంగుళం పైన ఉండేలా సోల్డర్ చెయ్యి. దూదీ ఫోమూ వాటి దరిదాపుల్లో ఉండకూడదు. కుదిరితే బోర్డు మొత్తం బాక్సు బయటే పెట్టు. అందం తర్వాత చూసుకోవచ్చు.

ప్లస్ మైనస్ తేడా లేని నాన్ పోలార్ కెపాసిటర్లే వాడాలని, కాయిల్స్ దూరదూరంగా, ఒకటి పడుకోబెడితే ఇంకోటి నిలబెట్టాలని, ట్వీటర్ తనంతట తాను మోగే ఫ్రీక్వెన్సీ, అదే రెజోనెన్స్, దానికి కనీసం రెట్టింపు పైనే క్రాస్ఓవర్ పెట్టాలని నీకు తెలిసే ఉంటుంది. ఇంజినీరింగ్ చదువుతున్నావు.

నీకు తెలియనిది మీ నాన్న సంగతి. డిగ్రీ చదివే రోజుల్లో, శ్రీరామనవమి పందిట్లో హరికథకి మైకు సెట్టు అద్దెకెందుకు, బాక్సులు నేనే కడతానన్నాడు. సర్క్యూట్ మంచిదే ఎంచుకున్నాడు. 1976లో లింక్‌విట్జ్, రైలీ అనే ఇంజినీర్లు చెప్పిన పద్ధతిది. 3000 హెర్ట్జ్ దగ్గర, 8 ఓమ్‌ల ట్వీటర్‌కి 3.3 మైక్రోఫారడ్ కెపాసిటర్, 0.85 మిల్లీహెన్రీ కాయిల్. ఆ పద్ధతిలో ట్వీటర్ ప్లస్ మైనస్ తిప్పి కలపాలి, అదీ చేశాడు. కానీ ట్వీటర్ గోల ఎక్కువైంది. సగం చెయ్యాలి. 8 ఓమ్‌ల ట్వీటర్ కదా, సిరీస్‌లో ఇంకో 8 ఓమ్‌లు పెడితే వోల్టేజీ సగమవుతుంది. లెక్కలో తప్పేమీ లేదు, పెట్టేశాడు.

భాగవతార్ గారు గొంతెత్తారో లేదో, ముక్కుతో పాడినట్టు వచ్చింది. 'స' అన్నప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటోంది. ముందు వరసలో కూర్చున్న మీ తాతయ్య "ఆ రేకు డబ్బా ఆపండ్రా" అని అందరి ముందూ కేకేశారు. మీ నాన్న ట్వీటర్‌ని తిట్టుకుని, నా షాపుకి పరుగెత్తి వేరేది తెచ్చి బిగించాడు. అదీ అంతే. మొహం ఎర్రబడిపోయింది పాపం.

కెపాసిటర్, కాయిల్ కలిసిన ఆ ఫిల్టర్ కట్టింది 8 ఓమ్‌ల కోసం. రెసిస్టర్ చేరాక దానికి ఎదురుగా 16 ఓమ్‌లున్నాయి. కోత పెట్టేచోట ఫిల్టర్ ఎంత ఉబ్బుతుందో చెప్పే క్యూ 0.5 నుంచి 1కి పోయింది. 3000 దగ్గర 6 డెసిబెల్స్ కిందికి దిగాల్సిన ట్వీటర్ అసలు దిగలేదు, 4000 దగ్గర ఇంకాస్త ఉబ్బింది కూడా. మన చెవి బాగా చురుగ్గా ఉండేదీ అక్కడే. షాపులో నా దగ్గర 8.2 ఓమ్‌లవే ఉన్నాయి. రెండిటిని ప్యారలల్‌గా కలిపి 4.1 చేసి సిరీస్‌లో పెట్టాను, మూడోది ట్వీటర్ రెండు కాళ్ల మధ్య అడ్డంగా వేశాను. ఫిల్టర్‌కి మళ్లీ 8 ఓమ్‌లే కనిపించాయి. ఎల్‌ప్యాడ్ అంటే ఇంతే. మంగళం పాడే వేళకి గొంతు తేటగా వచ్చింది. మీ నాన్న ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. పొద్దున్నే నోట్‌బుక్ పట్టుకుని లెక్క చెప్పమని వచ్చాడు. ఇదంతా నేను చెప్పానని ఆయనతో అనకు, ఇప్పటికీ ట్వీటర్‌దే తప్పంటాడు.

ఇక నీ బాక్సు. ఒకే పవర్‌కి ఊఫర్ 87 డెసిబెల్స్, ట్వీటర్ 91 ఇస్తాయని కాగితం మీద ఉంది కాబట్టి 4 తగ్గిస్తే చాలని రాసుకున్నావు. చాలదు తల్లీ. బాక్సు వెడల్పు 20 సెంటీమీటర్లే. సుమారు 600 హెర్ట్జ్ కింద శబ్దం బాక్సు చుట్టూ వెనక్కి పోతుంది, ముందున్న మనకి 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. గోడకి దగ్గరగా పెడితే అంత పోదు. ఆ లోటుకి తగ్గట్టు ట్వీటర్‌ని ఇంకాస్త దించాలి. 6తో మొదలుపెట్టు: సిరీస్‌లో 3.9 ఓమ్‌లు, అడ్డంగా 8.2. క్రొకడైల్ క్లిప్పులతో తగిలించి, నీకు బాగా తెలిసిన గొంతు వింటూ మార్చి చూడు. మొదటి రోజే సోల్డర్ చెయ్యకు.

ఊఫర్‌ని కూడా 8 ఓమ్‌లని నమ్మకు. మల్టీమీటర్ పెడితే 6 చూపిస్తుంది, పై ఫ్రీక్వెన్సీల్లో ఇంపిడెన్స్, అంటే కరెంటుకి అడ్డు, పెరుగుతూ పోతుంది, నీ కాయిల్ అనుకున్నచోట కోత పెట్టదు. ఆ పెరుగుదలని అణచడానికి 7.5 ఓమ్‌ల రెసిస్టర్, 15 మైక్రోఫారడ్ కెపాసిటర్ సిరీస్‌లో కలిపి ఊఫర్‌కి అడ్డంగా వెయ్యి. ఊఫర్ లోపలి కాయిల్ ఇండక్టెన్స్ 0.8 మిల్లీహెన్రీ అనుకుని చెప్పానిది, నీ ఊఫర్ కాగితం చూసి సరిచేసుకో.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే రెసిస్టర్లు, కెపాసిటర్లు మాత్రం తెచ్చుకో. కాయిల్స్ కొనకు. నా దగ్గర 18 గేజ్ రాగి తీగ ఉంది, రెండు జతలు చుట్టి, కొలిచి, కొరియర్ చేస్తాను. హాస్టల్ అడ్రస్ వాట్సాప్‌లో పెట్టు. బోర్డు దూదిలోంచి తీసిన ఫోటో కూడా ఈ రాత్రికే పెట్టు.

మీ పెదనాన్న