ఎయిర్ పైపులో ఆయిల్ కనిపించింది, ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది తణుకు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారు మందుల ఏజెన్సీలో పనిచేస్తారు. ఇద్దరికీ కలిపి నెలకు 62 వేలు వస్తాయి, ఖర్చులన్నీ పోను 12 వేల దాకా మిగులుతాయి. 2015లో కొన్న డీజిల్ కారు ఉంది, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న సర్వీసుకి ఇస్తే మెకానిక్ ఎయిర్ పైపు ఊడదీసి లోపల ఆయిల్ చూపించాడు. టర్బో పోయింది, 58 వేలు అవుతుందన్నాడు. ఇంకో షెడ్డులో చూపిస్తే రింగులు అరిగాయి, ఇంజిన్ బోర్ చేయించాలి, అంటే సిలిండర్ల లోపలి గోడలు చెక్కించి కొత్త రింగులు వేయించాలి, 1,10,000 అన్నారు. పాప ఇంటర్ ఫీజు కోసం వేసిన 2,40,000 ఎఫ్‌డీ తప్ప చేతిలో ఏమీ లేదు. ఎఫ్‌డీ తీసేయాలా, బంగారం పెట్టాలా, లేక దీన్ని ఇచ్చేసి కొత్తది ఈఎంఐలో తీసుకోవాలా? పైపు తుడిచేసి అమ్మేయండి, ఎవరికీ తెలీదు అంటున్నాడు మా మరిది. ఏం చేయమంటారు?

జవాబు: ఎఫ్‌డీ జోలికి ఇప్పుడే వెళ్ళకండమ్మా. బంగారం కూడా బీరువాలోనే ఉండనివ్వండి. మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఒక్క చోటే. అదే కారు, అదే ఆయిల్. ఒకరు టర్బో అన్నారు, ఒకరు రింగులు అన్నారు. ఇద్దరిలో ఎవరైనా ఏదైనా కొలిచినట్టు మీరు రాయలేదు. కంటితో చూసి చెప్పిన మాటకి పాప ఫీజు డబ్బు పెట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ముందు పెట్టాల్సిన ఖర్చు రిపేరుకి కాదు, పరీక్షకి.

టర్బో అంటే ఇంజిన్లోకి గాలిని ఒత్తిడితో తోసే ఫ్యాను. అసలు అది ఉన్న డీజిల్ కారులో ఆ ఎయిర్ పైపు లోపల కాస్త ఆయిల్ తడి ఉండటం మామూలే. సిలిండర్లో మండే గ్యాసు కొద్దిగా పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి, ఆయిల్ ఛాంబర్లోకి దిగుతుంది. అది అక్కడే ఉండిపోతే ఒత్తిడి పెరిగి సీల్స్ లీకవుతాయి. అందుకని బ్రీదర్ పైపు ద్వారా దాన్ని మళ్ళీ టర్బోకి ముందుండే గాలి పైపులోకే పంపుతారు. దాంతోపాటు సన్నటి ఆయిల్ తుంపర వచ్చి లోపల గోడలకి అంటుకుంటుంది. చల్లారిన ఇంజిన్ మీద ఆ పైపు ఊడదీయించి, తెల్ల గుడ్డ చుట్టిన వేలు లోపల తిప్పి చూడండి. గుడ్డ మీద నల్లటి జిడ్డు మరక పడితే కంగారు పడక్కర్లేదు. పైపు వంచగానే ఆయిల్ ధారగా కారితేనో, టర్బో తోసే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ అడుగున చెంచాలకొద్దీ నిలిచి ఉంటేనో, అప్పుడు కారణం వెతకాలి.

వెతకడం కూడా తక్కువ ఖర్చు వైపునుంచే మొదలవ్వాలి. కారు చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపేసిన పది నిమిషాలకి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల తీసి తుడిచి, మళ్ళీ పెట్టి తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉంటే జబ్బు అదే కావచ్చు. ఇది అనుభవం మీద చెబుతున్నాను. నా పాత డీజిల్ కారుకి కూడా సర్వీసు అయిన నెలకే టర్బో మార్చాలన్నారు. మా వీధి చివర షెడ్డులో పెద్దాయన డిప్‌స్టిక్ తీసి వెలుతురుకి పట్టుకున్నాడు. పై గీతకి వేలెడు పైన మెరుస్తోంది ఆయిల్. సర్వీసులో ఎక్కువ పోసేశారు. ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ ఇరుసుకి తగిలి అది నురగై బ్రీదర్ గుండా పైకి వస్తోంది. ఎక్కువైనది తీసేసి పైపులు కడిగాక ఆ కారు నా దగ్గర ఇంకో నాలుగేళ్ళు తిరిగింది. ఆ రోజు భయపడి సంతకం పెట్టి ఉంటే మా అబ్బాయి కాలేజీ డబ్బులో పెద్ద కన్నం పడేది. అందుకే మీ ఉత్తరం చదవగానే వెంటనే జవాబు రాయాలనిపించింది.

లెవెల్ సరిగ్గానే ఉంటే ఎయిర్ ఫిల్టర్ చూడమనండి. అది దుమ్ముతో మూసుకుపోతే టర్బో గాలి కోసం గట్టిగా పీలుస్తుంది, ఆ పీల్పుకి తన సీల్ దాటించి ఆయిల్‌నే లాక్కుంటుంది. తర్వాత బ్రీదర్ పైపు, ఆ గ్యాసులోంచి ఆయిల్‌ని వేరుచేసే భాగం. మీ కారు వయసుకి అవి మసితో నిండిపోయి ఉంటే ఆశ్చర్యం లేదు. కడగడమో మార్చడమో చేస్తారు, ఎంత చేసినా టర్బో ధరకి దరిదాపుల్లో ఉండదు.

ఇవి బాగున్నాయంటేనే టర్బో దాకా వెళ్ళాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ముందు పైపు తీసి, లోపలి ఫ్యాన్ ఇరుసుని వేళ్ళతో పట్టుకుని కదిపిస్తారు. పక్కలకి రవ్వంత ఆడటం సహజం. ముందుకీ వెనక్కీ ఆడుతున్నట్టు తెలిసినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలు కనిపించినా టర్బో అరిగినట్టే. మరొకటి అడగండి: బ్రీదర్ గొట్టం కలిసే చోటికి ముందు పైపు పొడిగా ఉందా, తడి ఎక్కడినుంచి మొదలైంది? టర్బోలోకి వెళ్ళే వైపు పొడిగా ఉండి, బయటికొచ్చే వైపే ఆయిల్ ఉంటే అనుమానం టర్బో మీదికి పోతుంది. బ్రీదర్ దగ్గరనుంచే తడిసి ఉంటే తప్పు దానిది కాకపోవచ్చు.

రింగుల సంగతి తేలాలంటే కంప్రెషన్ టెస్టు, అంటే సిలిండర్లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలిచే పరీక్ష చేయించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి, పొగ కొడుతోంది కాబట్టి బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు అరిగి గ్యాసు కిందికి తంతోంది అని తేల్చేసేవాళ్ళుంటారు. అది ఒక సూచన మాత్రమే. గేజి పెట్టి నాలుగు సిలిండర్లూ విడివిడిగా కొలిచి, నాలుగు అంకెలూ కాగితం మీద రాసివ్వమనండి. ఆ కారుకి కంపెనీ చెప్పిన కనీస అంకె పైన, నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటే ఇంజిన్ దింపే మాట పక్కన పెట్టేయొచ్చు. ఒకటి మిగతావాటికంటే బాగా పడిపోయి ఉంటే మాత్రం రెండో షెడ్డువాళ్ళు చెప్పినదాంట్లో నిజం ఉండొచ్చు.

ఈ లోపు ఒక్క జాగ్రత్త. నీలం పొగ వస్తున్నా, వారంలోనే డిప్‌స్టిక్ మీద ఆయిల్ కిందికి దిగుతున్నా కారు రోడ్డెక్కించకండి. ఆయిల్ ఎక్కువగా గాలితో కలిసి లోపలికి పోతే డీజిల్ ఇంజిన్ దాన్నే ఇంధనంగా కాల్చుకుంటుంది. తాళం తిప్పేసినా ఆగదు, రేస్ పెరుగుతూనే ఉంటుంది. అలా జరిగితే, మీది క్లచ్ ఉన్న గేర్ల కారైతే, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి పై గేరు వేసి క్లచ్ వదిలేయమని మీవారికి చెప్పండి. ఇంజిన్ ఆగిపోతుంది. మీ మరిది సలహాకి నా జవాబు కూడా ఇదే. మీరు చెప్పకుండా అమ్మిన కారులో రేపు ఎవరి పిల్లలో కూర్చుంటారు. అమ్మాల్సి వస్తే లోపం చెప్పి, ఆ మేరకు ధర తగ్గించి అమ్మండి.

ఇక డబ్బు లెక్క. చిన్న కారణమే తేలితే నెల మిగులులోనే సరిపోతుంది. టర్బో అని రుజువైతే 58 వేలు కావాలి. అప్పుడు కూడా ఎఫ్‌డీ తీసేయకండి, దాని మీద లోను తీసుకోండి. బ్యాంకులు మామూలుగా ఎఫ్‌డీ వడ్డీకంటే 1 లేదా 2 శాతం ఎక్కువకి ఇస్తాయి. 9 శాతం అనుకుని నెలకు ఏడు వేల పైచిలుకు చొప్పున ఎనిమిది నెలల్లో తీర్చేస్తే మొత్తం వడ్డీ 2 వేల రూపాయల దగ్గర తేలుతుంది. ఎఫ్‌డీ వడ్డీ దాని దారిన అది పెరుగుతుంది, ఫీజు రోజుకి డబ్బు చెక్కుచెదరదు. పర్సనల్ లోన్ వద్దు, వడ్డీ ఎక్కువ, పైన ప్రాసెసింగ్ ఫీజు. ఇన్సూరెన్స్ మీద కూడా ఆశ పెట్టుకోకండి, అరుగుదలకి మామూలు పాలసీ డబ్బివ్వదు.

కొత్త కారు దగ్గర నేను గట్టిగా వద్దంటాను. 8 లక్షల లోను, 9.5 శాతం, ఐదేళ్ళు అంటే నెలకు సుమారు 16,800. మీకు మిగిలేదే 12 వేలు. మొదటి నెలనుంచే లోటు, అది పాప ఇంటర్ రెండేళ్ళూ వెంటాడుతుంది. 58 వేలంటే మూడున్నర ఈఎంఐలు, 1,10,000 అన్నా ఆరున్నర. మీ కారుకి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్ళు, అంటే 2030 దాకా ఉంది.

ఇంజిన్ బోరే చేయించాలని గేజి చెప్పిందనుకోండి, అప్పుడు కాస్త ఆలోచించాలి. ఉన్నది ఉన్నట్టు చూపించి ఇద్దరు డీలర్లని ధర అడగండి, బాగుచేస్తే ఎంతకి పోతుందో కూడా అడగండి. ఆ రెండింటి తేడా రిపేరు ఖర్చుకి దగ్గరగా ఉంటే చేయించి నడుపుకోండి. సగం కూడా లేకపోతే, మీరు నెలకి ఎన్నిసార్లు కారు తీస్తున్నారో లెక్కేయండి. రెండుసార్లు ఊరికి వెళ్ళడానికే అయితే అమ్మేసి, పాప చదువు అయ్యేదాకా అద్దె కారుతో గడపడమే మేలు.

టర్బో వేయించేటట్టయితే బిల్లు మీద రెండు పనులు రాయించండి. టర్బోకి ఆయిల్ తెచ్చే పైపూ వెనక్కి పంపే పైపూ శుభ్రం చేయడం లేదా మార్చడం ఒకటి, ఇంటర్‌కూలర్ దించి కడగడం రెండోది. వెనక్కి వెళ్ళే దారి మూసుకుని ఉంటే కొత్త టర్బో కూడా కొన్నాళ్ళకే ఆయిల్ కక్కుతుంది. గ్యారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి, పాత టర్బో కళ్ళతో చూడండి. పని అయ్యాక 500 కిలోమీటర్లు తిరిగి, అదే పైపు మళ్ళీ విప్పించి, అదే తెల్ల గుడ్డతో తుడిపించండి.

ముందు డిప్‌స్టిక్ చూడండి, తర్వాత ఆ నాలుగు అంకెలు రాయించుకోండి. అవి చేతికి రాగానే నాకు పంపండి, మీ ఎఫ్‌డీ ఎప్పుడు గడువు తీరుతుందో కూడా రాయండి. లోను ఎంత, ఎన్నాళ్ళు అన్నది అప్పుడు కలిసి లెక్కేద్దాం.