అగ్రిమెంట్ గడువు దాటిపోతోంది, ఓనరు కాగితాలు ఇంకా బ్యాంకులోనే

మురళీనగర్ ఫ్లాట్‌కి 5 లక్షలు అడ్వాన్స్ ఇచ్చానని, 60 రోజుల గడువు వచ్చే వారంతో అయిపోతుందని, ఓనరు గారేమో "బ్యాంకు నుంచి కాగితాలు రాలేదు" అంటూ రోజులు నెడుతున్నారని రాశారు. అడ్వాన్స్ వెనక్కి అడగాలా అని మీ ప్రశ్న. నేనైతే ఇప్పుడే అడగను. ముందు ఆయన చెప్పేది నిజమో కాదో తేల్చుకోండి.

2024లో మధురవాడలో ఫ్లాట్ కొన్నప్పుడు మాదీ ఇదే కథ. అమ్మే ఆయనకి దాని మీద లోన్ ఉంది. ఎప్పుడు ఫోన్ చేసినా "సోమవారం వచ్చేస్తాయండి" అనేవారు. చివరికి ఒకరోజు ఆయన్ని బండెక్కించుకుని నేనే బ్రాంచికి తీసుకెళ్లాను. తీరా చూస్తే, లోన్ క్లోజ్ చేస్తానని ఆయన అర్జీయే పెట్టలేదు! మోసం కాదు, వట్టి బద్ధకం. ఆ రోజే బాకీ ఎంతో లెటర్ తీయించాం. ఆ బాకీ తీర్చడానికి మా బ్యాంకు డీడీ ఇచ్చేసరికి ఆ లెటర్ తేదీ దాటిపోయి, నాలుగు రోజుల వడ్డీ తక్కువ పడింది. ఆ కాస్త సొమ్ముకి ఇంకో వారం పోయింది. డీడీ తీసే ముందు బాకీ ఎంతో మళ్లీ కనుక్కోండి.

డబ్బు కట్టాక, కాగితాలు వేరే ఊళ్లో ఉన్నాయన్నారు. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు కాగితాలు ఇచ్చేయాలని రిజర్వ్ బ్యాంక్ రూలు ఉంది, 2023 డిసెంబరు 1 నుంచి. తప్పు బ్యాంకుదైతే ఆలస్యమైన ప్రతి రోజుకీ లోన్ తీసుకున్నాయనకి 5,000 రూపాయలు ఇవ్వాలి. ఆ సంగతి రాసి ఓనరు గారి చేత లెటర్ పెట్టించాం. మూడో వారానికి వచ్చేశాయి.

అక్కడితో అయిపోలేదు. తాకట్టు రిజిస్టర్ అయి ఉంటే ఈసీలో (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనబడుతూనే ఉంటుంది. దాని రిలీజ్ కూడా రిజిస్టర్ చేయించి, కొత్త ఈసీ తీసి చూసుకోవాలి.

ఈ వారం మీరు చేయాల్సింది మాత్రం గడువు పొడిగింపు రాయించుకోవడం. నోటిమాట చాలదు. కొత్త తేదీ, ఇద్దరి సంతకాలు, సాక్షులు ఉండాలి. ఆ తేదీకీ ఆయన వల్లే ఆగిపోతే అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో కూడా అందులోనే రాయించండి. "ఇంకో రెండు లక్షలు సర్దండి, లోన్ తీర్చేస్తా" అంటే చేతికివ్వకండి, ఇవ్వక తప్పకపోతే నేరుగా ఆయన లోన్ ఖాతాలోకే కట్టండి. మీ లోన్ శాంక్షన్ ఎప్పటిదాకా చెల్లుతుందో మీ బ్యాంకునీ అడగండి.

మాకు ఇవన్నీ అయ్యేసరికి ఆషాఢం వచ్చేసింది. శ్రావణం దాకా సంతకాలు కుదరవని ఓనరు గారింట్లో పట్టుబట్టారు. మా అత్తగారే వాళ్లకి నచ్చజెప్పారు: "సంతకానికి ఆషాఢమేంటి నాయనా, పాలు పొంగించేది శ్రావణంలోనేగా!"

అన్నట్టు, అక్కయ్యపాలెంలో అద్దిల్లు ఖాళీ చేస్తానని నేను ముందే చెప్పేశాను. రెండు నెలలపాటు ఆ ఇంటాయన కంటపడకుండా మెట్లు దిగాల్సి వచ్చింది. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా మీరు ఆ మాట ఎత్తకండి.