తాంగ్ చక్రవర్తులు టావో మతాన్ని నిజంగా నమ్మారా, గద్దె కోసం వాడుకున్నారా?

వైద్యవిద్య కోసం నేను కొన్నేళ్లు చైనాలోని షియాన్‌లో, అంటే ఒకప్పుడు ఆ దేశాన్నేలిన తాంగ్ వంశపు రాజధాని చాంగాన్ ఉన్న చోటే గడిపాను కనుక ఈ ప్రశ్నను చూసి ఊరుకోలేకపోతున్నాను. మొదలైంది గద్దె కోసమే. అయితే తాము ప్రచారం చేసిన కథను ఆ వంశంవారు చివరికి మనసా వాచా నమ్మారన్నది నా గట్టి అభిప్రాయం.

టావో మతం ఆదిగురువుగా కొలిచే లావోజు ఇంటిపేరు లీ అని సంప్రదాయం. 618లో గద్దెనెక్కినవారి ఇంటిపేరూ లీయే కావడంతో ఆయనను తమ మూలపురుషుడిగా చెప్పుకున్నారు. వేడుకల్లో టావో గురువులు బౌద్ధ భిక్షువుల కంటే ముందు నిలవాలని 637లో తైజోంగ్ ఆజ్ఞాపించగా, 666లో గావోజోంగ్ లావోజుకు ఏకంగా చక్రవర్తి బిరుదే ఇచ్చాడు. మన పాఠ్యపుస్తకాలు హ్యూయాన్‌త్సాంగ్ ధాన్యకటకానికి వచ్చాడని చెప్పి అక్కడితో వదిలేస్తాయి. స్వదేశంలో అంతటి గౌరవం పొందిన ఆయన సైతం ఈ వరుసను మార్చమని గావోజోంగ్‌కు విన్నవించి ఫలితం పొందలేకపోయాడన్న సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు.

సెలవుల్లో ఒకసారి తోటి విద్యార్థులతో కలిసి నగరానికి నైరుతిన, చిన్‌లింగ్ కొండల పాదాన ఉన్న లౌగ్వాన్‌తాయ్ అనే టావో ఆలయానికి వెళ్లాను. లావోజు పడమటికి వెళ్లిపోతూ టావో మతపు మూలగ్రంథమైన తావో తే చింగ్‌ను బోధించింది అక్కడేనని స్థానికుల విశ్వాసం. అగరుధూపం మధ్య మెట్లెక్కుతున్నంతసేపూ నా మనసంతా 741లో జరిగిన సంఘటన మీదే ఉంది. ఆ ఏడాది శ్వాన్‌జోంగ్ చక్రవర్తికి లావోజు కలలో కనబడి, రాజధానికి నైరుతిన వంద లీలకు (లీ అంటే చైనా దూరమానం, సుమారు అర కిలోమీటరు) పైగా దూరంలో తన విగ్రహం ఉందనీ, దాన్ని వెతికించమనీ చెప్పాడట. చక్రవర్తి పంపిన మనుషులకు ఈ కొండల్లోనే విగ్రహం దొరికింది. దాన్ని షింగ్‌చింగ్ రాజభవనానికి తెచ్చి ప్రతిష్ఠించడమే కాక, ఆ మూర్తి చిత్రాలు గీయించి రాష్ట్రాలలోని ఆలయాలన్నిటికీ పంపించారు. మరుసటి ఏడాది తియాన్ తోంగ్‌షియూ అనే చిన్న ఉద్యోగి, ఆకాశంలో లావోజు కనబడి హాన్‌గూ కనుమ దగ్గర దాచిన దివ్యపత్రం గురించి చెప్పాడని విన్నవించగా అదీ దొరికింది, అతనికి పదవీ పెరిగింది. దాన్ని అతనే తయారుచేశాడని అప్పట్లోనే జనం అనుమానించారు. ఏడాది గడిచాక ఇంకొకడు అదే పని చేసి, విచారణలో మోసమని ఒప్పుకున్నా చక్రవర్తి కఠినంగా శిక్షించలేదు, దూరప్రాంతానికి వెళ్లగొట్టి సరిపెట్టాడు. కేవలం లెక్కలు వేసుకునే పాలకుడు తన మూలపురుషుడి పేరుతో ఆడిన అబద్ధాన్ని అంత తేలిగ్గా వదలడు. అది నమ్మినవాడి మెతకదనమే.

నా మాటకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం రససిద్ధౌషధాలు, అంటే చావు లేకుండా చేస్తాయని నమ్మి పాదరసం వంటి లోహాలతో చేసిన మందులు. పాదరసం, సీసం శరీరాన్ని ఏం చేస్తాయో చదువుకున్నవాణ్ణి కనుక ఆ చక్రవర్తుల మరణాలను నేను నాటకంగా చూడలేను. 845లో 4,600కు పైగా బౌద్ధ విహారాలను కూల్చివేయించిన వూజోంగ్, అమరత్వం కోసం తీసుకున్న మందులతో ఆరోగ్యం పాడై మరుసటి ఏడాదే చనిపోయాడు. తరువాత గద్దెనెక్కిన ఆయన పినతండ్రి, వూజోంగ్‌కు టావో గురువైన జావో గ్వీజెన్‌ను వెంటనే చంపించి, బౌద్ధాన్ని తిరిగి నిలబెట్టాడు. ఇంత చేసినవాడు, అన్న కొడుకు గతి కళ్లారా చూసినవాడు, చివరికి తానూ అవే మందులు మింగి, వీపున రాచపుండు లేచి 859లో కన్నుమూశాడు.